గడియారం గీత

ఫిబ్రవరి 9

మొన్న ముగించిన తీగచుట్ట బొమ్మని ఆఫీసులో పెద్ద తెర మీద పెట్టి అందరికీ చూపించారట. వాళ్ళ సారు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి మరీ చూశాడట. ఇంత శుభ్రమైన గీత తన ఉద్యోగంలో చూడలేదన్నాడట. మా ఆయన చెప్పులు విప్పుతూనే ఈ సంగతి చెప్పారు. రెండు రోజులు తలెత్తకుండా కూర్చున్నానని సారుతో అన్నానని చెప్పి నవ్వారు. నేనూ నవ్వాను.

కూర్చున్నది నేను. రెండు రోజులు కాదు, నాలుగు.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్న మాట కనుక కాగితానికి చెబుతున్నాను. ఇవి ఆయన పారేసిన ప్రింటు కాగితాలు. ముందు వైపు ఆయన సర్క్యూట్లు, వెనక వైపు తెలుపు. వెనక్కి తిప్పి చూసే అలవాటు ఆయనకి లేదు.

ఫిబ్రవరి 12

ఇదంతా ఎలా మొదలైందో రాసుకుంటే మనసు తేలికపడుతుందేమో.

మా నాన్న దుకాణాల బోర్డులు రాసేవాడు. ఏడో తరగతి కాగానే బడి మానిపించి నా చేతికి దారం కొస ఇచ్చాడు. దారానికి సుద్ద పూసి, రెండో కొస తను పట్టుకుని, మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో కొలబద్ద చెప్పకూడదు, కన్ను చెప్పాలి అనేవాడు. ఆ కన్ను నాకొచ్చింది. ఇంకేమీ రాలేదు. నలుగురిలో నోరు పెగలదు. ఫోనెత్తితే గొంతు లోపలికి పోతుంది.

పోయినేడు ఆయన జట్టులో చిప్‌ల బొమ్మ గీసే మనిషి పని మధ్యలో మానేశాడు. సర్క్యూటు ఆలోచించడం ఆయన పని. దాన్ని సిలికాన్ మీద ఏ తీగ ఎక్కడ, ఏ పొరలో పోవాలో తెర మీద రంగురంగులుగా గీయడం వేరే పని. అది కూడా నెత్తిన పడేసరికి ఇంటికి తెచ్చుకుని విసుక్కునేవారు. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళ్ళి వెనక నిలబడ్డాను. ఎడమ పక్క గీత కుడి పక్కదానికన్నా వెంట్రుకవాసి లావుగా ఉందండీ అన్నాను. కొలిచి చూశారు. నిజమే. తల తిప్పి నన్ను చూశారు. పెళ్ళయ్యాక అలా చూడటం అదే మొదటిసారి.

నెల తిరిగేసరికి మౌస్ నా చేతిలో ఉంది. ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడుతుందట. బయటి మనిషి ఆ బొమ్మ ముట్టకూడదట. నేను బయటి మనిషినే కదా.

ఫిబ్రవరి 13

ఆయన హుషారుగా ఉన్నప్పుడు చెప్పే పాఠం ఒకటుంది. నాకు మాటకి మాట గుర్తుంది. ఫోనైనా, గాల్లోంచి మాట పంపే ఏ పెట్టె అయినా, లోపల ఒక స్వరం పుట్టాలి. తీగచుట్టే ఆ పాట పాడేది. అయితే దానికి నిలకడ లేదు, కాస్త వేడి తగిలినా శ్రుతి జారుతుంది. అందుకని బయట ఒక స్ఫటికం గడియారంలా టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. లోపలి సర్క్యూటు ఆ టిక్కునీ పాటనీ పోల్చి చూసి, శ్రుతి జారినప్పుడల్లా ఒక సన్నటి తీగతో పాటని సర్దుతుంది. ఆ తీగని ఆయన ముక్కుతాడు అంటారు. ఎద్దు ఎంత బలమైనదైనా ముక్కుతాడు ఎటు లాగితే అటే పోతుంది కదా.

ఆ ముక్కుతాడు దగ్గరికి ఏదీ రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ టిక్కుని మోసే గడియారం గీత రాకూడదు. వస్తే ఆ టిక్కు పాటలో కలుస్తుంది. ఆయన చదివిన చదువంతా, చేసే ఉద్యోగమంతా ఆ పాటలో చప్పుడు కలవకుండా చూడటమే.

చివర్లో ఎప్పుడూ ఒక మాట అంటారు. ఇదంతా నీకెందుకులే, దూరంగా గీయి చాలు అని.

కోడలు పగలల్లా ఆ పెట్టెలో ఆటలాడుతోందిరా అని అత్తయ్య ఇవాళ ఆయనకి ఫిర్యాదు చేసింది. ఆడుకోనీలే అమ్మా అన్నారు. నిజం చెబితే ఎలా, అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అంతే. ఇంకేమీ లేదు.

ఫిబ్రవరి 24

రోజంతా ముక్కుతాడు చుట్టూ, చప్పుడు సోకకుండా, కాపు తీగలతో కంచె గీశాను. నడుం పట్టేసింది. ఆటలాడితే పట్టకేం చేస్తుంది అంది అత్తయ్య.

మార్చి 2

సారు, కళ్ళద్దాలమ్మాయి భోజనానికి వచ్చారు. కళ్ళద్దాలమ్మాయి అంటే ఆయన జట్టులో ఇంజనీరు. పాటలోని ఊపుల్ని లెక్కపెట్టి టిక్కుతో పోల్చడానికి అందించే భాగం ఆమెది. నాకన్నా రెండేళ్ళు చిన్నది. వంటింట్లోకి వచ్చి అడక్కుండానే గ్లాసులు కడిగింది.

భోజనాల దగ్గర సారు మళ్ళీ ఆ తీగచుట్ట మాట ఎత్తాడు. ఆ చేతికి కడియం తొడగాలయ్యా అన్నాడు. ఆయన ఆ చేత్తోనే కూర కలుపుకున్నారు.

కళ్ళద్దాలమ్మాయి నా వైపు తిరిగి, అక్కా మీకు పగలంతా ఎలా పొద్దుపోతుంది అని అడిగింది. మంచిగానే అడిగింది. నేను నోరు విప్పేలోపు ఆయన అందుకున్నారు.

"స్విచ్చు నొక్కితే లైటెందుకు వెలుగుతుందో దానికి చెప్పడానికే నాకు వారం పట్టింది. మనిషి వెన్నపూస. మేడ మీద మాత్రం అద్దెకివ్వబడును బోర్డు."

సారు పొలమారేంత నవ్వాడు. అత్తయ్య అందరికన్నా ఎక్కువ నవ్వింది. కళ్ళద్దాలమ్మాయి పళ్ళెంలోకి చూసింది. నేను నీళ్ళు తేవడానికి లేచాను.

వాళ్ళు వెళ్ళాక ఆయనే చెప్పారు, అనుమానం రాకుండా అలా అనాల్సొచ్చిందని. నేనడగలేదు.

మార్చి 3

నాకు కోపం లేదు. అనుమానం రాకుండా అనాల్సొచ్చింది.

మార్చి 5

కోపం లేదు. అనుమానం రాకూడదంటే ఊరుకున్నా సరిపోయేది కదా అనిపించింది, అంతే.

మార్చి 11

చిప్ ఫ్యాక్టరీకి పంపే ముందు ఒక మూల జట్టు వాళ్ళ పేర్లలో మొదటి అక్షరాలు గీయడం వీళ్ళకో సరదా. పై లోహపు పొరలో, మైక్రోస్కోపు కింద పెడితేగాని కనపడనంత. ఎవరికీ పనికి రాదు, ఎవరికీ అడ్డం కాదు. ఆయన చీటీ రాసిచ్చారు. సారుది, ఆయనది, కళ్ళద్దాలమ్మాయిది, పరీక్షగది పెద్దాయనది, ఆఖరికి పని మధ్యలో వదిలేసి పోయినవాడిది కూడా. అయిదు అక్షరాలు.

బోర్డులు రాసేవాడి కూతుర్ని. ఎంత ఇష్టంగా గీశానో. ఒక్కో అక్షరం నిండుగా, కాళ్ళు ఒకే వరసలో.

గీశాక చాలాసేపు కూడబలుక్కుని, ఇంకో అక్షరం పడుతుందేమోనండీ అన్నాను.

ఆయన తెర వైపు చూడనైనా లేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "చోటు లేదు" అన్నారు.

మార్చి 12

చోటు ఉంది. కొలిచాను. అయిదో అక్షరానికీ అంచుకీ మధ్య ఇంకో నాలుగు పడతాయి.

మార్చి 13

నాలుగు కాదు. ఆరు.

మార్చి 14

బొమ్మ పూర్తయ్యాక కంప్యూటరు దానికి రెండు పరీక్షలు పెడుతుంది. గీతకీ గీతకీ మధ్య ఉండాల్సినంత ఎడం ఉందా అనేది ఒకటి. ఏ తీగ దేనితో కలవాలో దానితోనే కలిసిందా అనేది రెండోది. రెండూ నెగ్గితే పచ్చరంగు నవ్వు మొహం వస్తుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అది అడగదు. తీగల చాటుమాటు వ్యవహారం పట్టే పరీక్ష ఇంకోటి ఉంది కానీ దానికి రెండు రోజులు కావాలి. పోయినవారం ఒకసారి చేశారు, మళ్ళీ చేసే తీరిక లేదట.

మిగిలింది మనిషి కన్ను. దానికొక కాగితం ఉంది. ముక్కుతాడు పక్కకి ఏదీ రాలేదని చూశాను, కంచె తెగలేదని చూశాను, ఇలా ఇరవై వరసలు. ఒక్కో వరస చూసి గుర్తు పెట్టి చివర సంతకం చేయాలి. ఆ సంతకం ఆయనది.

గడియారం గీతకి ఒక కొమ్మ ఉంది. గడియారం సరిగ్గా కొడుతోందా లేదా అని బయటినుంచి చూసుకోవడానికి చిప్ అంచుదాకా పోయే తీగ. పాటకి దానితో పనే లేదు. ఇప్పుడది అంచు వెంబడి చుట్టూ తిరిగి పోతోంది. అది ఎటునుంచి పోయినా నవ్వు మొహం నవ్వుతూనే ఉంటుంది.

ఊరికే రాశాను.

మార్చి 16

ఊరికే గీసి చూశాను. కొమ్మని లోపలికి తిప్పి, కంచెలో సందు చేసి, ముక్కుతాడు పక్కనే, మూడు వందల మైక్రాన్ల పొడవున. అంటే మూడు నాలుగు వెంట్రుకల మందమంత. చూశాను. తీసేశాను. మళ్ళీ గీశాను. తీసేశాను. అత్తయ్యకి అన్నం వేళయింది. వడ్డించి, ఆమె మజ్జిగ తాగేదాకా కూర్చుని, వచ్చి మళ్ళీ గీశాను.

ఎంత తిన్నగా వచ్చిందో. నవ్వు మొహం వచ్చింది.

ఆయన ఎలాగూ చూస్తారు. చూస్తే అడుగుతారు. అడిగితే ఎందుకో చెబుతాను. ఆ మాట చెప్పడానికే గీశాను. చూడాలి కదా మరి, సంతకం పెట్టే మనిషి.

మార్చి 17

చూడలేదు.

కాగితం నా ఎదురుగానే నింపారు. ఇరవై వరసలకీ ఇరవై గుర్తులు, గ్లాసుడు నీళ్ళు తాగినంత సేపట్లో. కింద సంతకం. బొమ్మ వెళ్ళిపోయింది. ఇక మూడు నెలలు హాయి అని ఒళ్ళు విరుచుకున్నారు.

బట్టలు ఆరేయడానికి డాబా మీదికి వెళ్ళాను. తీగ మీద చొక్కాలన్నీ ఒకే ఎడంలో ఆరేశాను.

ఏప్రిల్ 6

ఈ చిప్ మోగిందంటే ఆయనకి సొంత జట్టు ఇస్తారట. పన్నెండు మంది. అత్తయ్య అప్పుడే పక్కింటావిడతో ఇరవై మంది అని చెప్పింది.

ఏప్రిల్ 29

ఫ్యాక్టరీలో ఇప్పుడు ఏ పొర వేస్తున్నారో. నా గీత నాలుగో పొరలో ఉంది.

మే 21

ఆయన మాట్లాడే తీరు మారింది. ఫోన్లో "నా జట్టు" అంటున్నారు. నేను వింటూ వంట చేస్తున్నాను. ఈ మధ్య నాకు నిద్ర బాగా పడుతోంది. ఇదివరకు పట్టేది కాదు.

జూన్ 19

చిప్‌లు వచ్చాయి. పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. మధ్యాహ్నమే వచ్చేశారు. బూట్లతో మంచం మీద కూర్చుండిపోయారు.

అడగ్గా అడగ్గా కాగితం మీద గీసి చూపించారు. మధ్యలో నిట్రాటలా నిలబడ్డ పాట. దానికి అటొకటి ఇటొకటి, సరిసమానమైన ఎడంలో, రెండు కొమ్ములు. ఆ ఎడం ఎంతో కొలిస్తే సరిగ్గా గడియారం టిక్కు అంత. కొన్నవాళ్ళ ఫోన్లలో ఈ కొమ్ములు పక్కవాళ్ళ మాట మీద పడి పొడుస్తాయట. ఇలాంటి చిప్ ఎవరూ ముట్టుకోరట.

రెండు ముద్దలు కూడా తినలేదు. ఇంకాస్త కూర వేసుకోండి అన్నాను. నా గొంతు ఎంత తియ్యగా పలికిందో నాకే వినపడింది.

ఆ మూల అక్షరాలు మాత్రం చక్కగా వచ్చాయట. మైక్రోస్కోపు కింద అందరూ చూసుకున్నారట.

జూన్ 25

అన్నీ మార్చి చూస్తున్నారు. బయటి కెపాసిటర్లు మార్చారు. తోసే కరెంటూ లాగే కరెంటూ సమానంగా లేవేమోనని మూడు రోజులు దాని మీద పడ్డారు. బ్యాటరీ మీద నడిపి చూశారు. కొమ్ములు కదల్లేదు. నేను గోడకి ఆనుకుని చూస్తూ ఉన్నాను. ఏమిటలా చూస్తావ్ అన్నారు. ఏం లేదండీ, టీ తేనా అన్నాను.

కళ్ళు లోపలికి పోయాయి ~~పాపం~~. పాపం అని ఎందుకు రాశానో. కొట్టేస్తున్నాను.

జూన్ 28

ఇవాళ సారు ఫోన్ చేశాడు. బొమ్మలో ఎక్కడైనా తీగలు దగ్గరపడ్డాయేమో మళ్ళీ చూడమన్నాడు కాబోలు. నేను వంటింట్లో పళ్ళాలు తుడుస్తున్నాను. ఆయన మాట స్పష్టంగా వినపడింది.

"బొమ్మలో ఉండదు సార్. ఆ చెయ్యి తప్పు గీయదు. ఇంకెక్కడైనా వెతుకుదాం గానీ అక్కడ వెతకడం దండగ."

తడి పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఒక్క మాట. ఏడాదిపాటు ఆ పెట్టె ముందు కూర్చుని నేను ఎదురుచూసిన మాట అదొక్కటే. నాతో అనలేదు. అయినా అన్నారు. తెరిచి చూడకుండా ఇరవై గుర్తులు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది. నిర్లక్ష్యం కాదేమో. నమ్మకమేమో.

జూన్ 29

కాదు. సారుకి వినపడింది ఏమిటి. ఈయన తన చెయ్యి గురించి అంటున్నాడనే కదా. ఆయన నన్ను మెచ్చుకున్నది కూడా నా దగ్గరనుంచి లాక్కునే మెచ్చుకున్నారు.

నిన్నటి పేజీ చించేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 3

ఇవాళ రెండోసారి వడ్డించుకున్నారు. మొహంలో రక్తం వచ్చింది. తప్పు దొరికిందట. కళ్ళద్దాలమ్మాయిదట. ఆమె లెక్కపెట్టే భాగం గడియారంతో కలిసి మోగుతుంది కనుక అక్కడినుంచే చప్పుడు వస్తోందని సారుకి పటం గీసి చెప్పారట. సారు ఒప్పుకున్నాడు. ఆ పిల్లని జట్టులోంచి తీసేస్తున్నారు. మళ్ళీ ఏ చిప్‌లోనూ చెయ్యి పెట్టనివ్వరట. ఎదురు చెప్పబోయి చెప్పలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుందట.

"చిన్నపిల్ల, అనుభవం లేదు. నేనే ముందు చూసి ఉండాల్సింది" అన్నారు పెద్దమనిషిలా.

బాణం ఆయన మీద వేశాను. ఆయన పక్కకి జరిగారు. వెనకున్న పిల్లకి తగిలింది.

జూలై 4

ఆ పిల్ల నాకేమవుతుంది. ఏమీ కాదు. ఒక పూట వచ్చి నాలుగు గ్లాసులు కడిగింది. నేను నోరు విప్పితే ఆమె కోసం కాదు. ఈయన తప్పించుకోకూడదని.

ఆమె కోసం కాదు.

జూలై 5

పొద్దున టీ ఇస్తూ చెప్పేశాను. లోపం ఆ అమ్మాయిది కాదండీ, ఎక్కడుందో నాకు తెలుసు అని.

ఆయన గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. ఎక్కడ అన్నారు. ఆఫీసులో సారు తెర మీద చూపిస్తానన్నాను. ఇంత మాట ఇంత తిన్నగా ఆయనతో ఎప్పుడూ అనలేదు.

ముందు నవ్వారు. తరవాత అరిచారు. తరవాత తలుపు వేసి మెల్లగా మాట్లాడారు. నువ్వు గీశావని తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా అన్నారు.

"ఆ అమ్మాయిది ఉంటుందా మరి" అన్నాను.

జూలై 7

రెండు రోజులుగా బతిమాలుతున్నారు. ఇంట్లో చూపించు చాలు, నేను కనిపెట్టానని చెబుతాను, ఆ పిల్లని నేనే వెనక్కి తెప్పిస్తాను, ఎవరికీ నష్టం లేదు అంటారు. నిజమే, ఎవరికీ నష్టం లేదు. అంత తేలిగ్గా పోతుందంటేనే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆటపెట్టె కోసం మొగుడూ పెళ్ళాం కీచులాడుకోవడం ఎక్కడా చూళ్ళేదమ్మా అంది అత్తయ్య. దాన్ని అమ్మేసి మిక్సీ కొనమంది.

సోమవారంలోగా కారణం తేలకపోతే మొత్తం పని మూసేస్తానని సారు అన్నాడట. సాయంత్రం ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, రేపు కాదు ఎల్లుండి, పదింటికి తయారుగా ఉండు అన్నారు. నా వైపు చూడలేదు.

జూలై 9

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

పరీక్షగది చల్లగా ఉంది. బల్లల నిండా తీగలు. ఆయన కాగితం మీద గీసిన బొమ్మే అక్కడ తెర మీద పచ్చగా వెలుగుతోంది, నిట్రాట, రెండు కొమ్ములు. నేను గీసిన గీత మాట్లాడుతుంటే చూడటం అదే మొదటిసారి. కళ్ళద్దాలమ్మాయి ఒక మూల నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వబోయి, ఎందుకొచ్చానో తెలియక ఆగిపోయింది.

దారిలో ఆయన నాకు ఏం చెప్పాలో నేర్పారు. నేను ఊఁ కొట్టాను. సారుతో ఆయనే మొదలుపెట్టారు. పని ఒత్తిడిలో ఒకటి రెండు చిన్న ముక్కలు మా ఆవిడ చేత గీయించాను, తప్పే, అక్కడేమైనా జరిగిందేమో చూద్దామని తీసుకొచ్చాను అన్నారు. సారు మొహం చిట్లించి నాకు కుర్చీ చూపించాడు.

కూర్చున్నాను. మౌస్ పట్టుకోగానే భయం పోయింది. ముందు మొత్తం చిప్ చూపించి, పొరలన్నీ ఆర్పేసి, నాలుగోది ఒక్కటే వెలిగించి, తీగచుట్ట పక్కకి వెళ్ళి ఆగాను. పక్కపక్కనే రెండు గీతలు. ఒకటి ముక్కుతాడు. ఒకటి గడియారం కొమ్మ. ఆయన ముందుకు వంగి చూశారు. తన సర్క్యూటులో ఆ చోటుని ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలుసు, సారుకి కూడా తెలిసిపోయింది.

సారు మెల్లగా అడిగాడు, ఈ కొమ్మ ఇటెలా వచ్చిందమ్మా అని.

ఆయన నాకన్నా ముందు అందుకున్నారు. "పొరపాటు సార్. చదువు లేని మనిషి. ఏది దేని పక్కన పోవాలో తనకేం తెలుస్తుంది? నేను చూసుకోవాల్సింది."

నన్ను కాపాడటానికే అన్నారు. అది నిజం. అవునండీ పొరపాటే అని తల వంచితే అయిపోయేది. పాపం ఇంట్లో మనిషి, తెలియక చేసింది అని టీ ఇచ్చి పంపేసేవాళ్ళు. ఆయన కాస్త తిట్లు తిని బయటపడేవారు. ఆ పిల్ల నిలబడేది.

పొరపాటు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తెర మీద ఆ రెండు గీతలూ ఒకే ఎడంలో, ఆ చివరినుంచి ఈ చివరిదాకా, వెంట్రుకవాసి తేడా లేకుండా పోతున్నాయి. అది పొరపాటట.

"పొరపాటు కాదండీ" అన్నాను. గొంతు ఎవరిదోలా ఉంది కానీ వచ్చింది. "కావాలనే గీశాను. ముందు అంచు వెంబడి సరిగ్గానే గీశాను, తరవాత తీసుకొచ్చి ఇక్కడ పెట్టాను. పొరపాటున నా చెయ్యి అటు పోదు. ఒకటి రెండు ముక్కలు కూడా కాదు. ఈ చిప్ మొత్తం నేనే గీశాను."

సారు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. ఎందుకు అని అడగలేదు. ఇంజనీరు కదా, ముందు పని. ఈ కొమ్మ కోసేస్తే పాటకి నష్టం లేదు కదా అన్నాడు తనలో తను. చిప్‌లో సన్నటి కిరణంతో తీగ కోసే చోటికి పంపమని పరీక్షగది పెద్దాయనకి చెప్పాడు. అప్పుడడిగాడు.

"ఇలాంటివి ఇంకెక్కడైనా పెట్టావామ్మా?"

"ఆయన ఇరవై వరసలూ చూసి సంతకం పెట్టారు కదండీ" అన్నాను. "ఆయన్నే అడగండి."

బయటికి వస్తుంటే కళ్ళద్దాలమ్మాయి నాకు దారి ఇచ్చింది. అక్కా అనలేదు. ఈ వారం రోజులూ ఆమె మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఇవాళ చూశాను.

లిఫ్టులో ఆయనా నేనూ ఇద్దరమే. అంకెలు చూస్తూ నిలబడ్డాం.

జూలై 13

కొమ్మ కోశారు. కొమ్ములు పోయాయి. పాట ఒక్కటే నిలబడిందట.

జూలై 14

కంప్యూటరుని ఆఫీసువాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. నేను ఇక ఏ బొమ్మా ముట్టకూడదు. కళ్ళద్దాలమ్మాయిని వెనక్కి తీసుకున్నారు. పన్నెండు మంది జట్టు ఈయనకి రాలేదు. పీడ వదిలింది, ఇప్పుడైనా కోడలు మనుషుల్లో పడుతుంది అంది అత్తయ్య.

పనయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు ఏం చేయాలో తెలియలేదు. వేళ్ళు బల్ల మీద తిరుగుతూ ఉన్నాయి. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

జూలై 17

ఉద్యోగం మాట తరవాత తేలుస్తానన్నాడట సారు. ముందు చిప్ సరిచేసి మళ్ళీ ఫ్యాక్టరీకి పంపాలి. పంపే ముందు ప్రతి గీతా ఈయనే తన కంటితో చూడాలి. తెర మీద కాదు, కాగితం మీద, చూసిన ప్రతి కాగితం మీదా సంతకంతో. మొత్తం బొమ్మని పెద్ద పెద్ద కాగితాలుగా ప్రింటు తీసి ఇంటికి పంపారు. ముప్ఫై తొమ్మిది.

ముందు గదిలో నేల మీద పరిచి, మోకాళ్ళ మీద వంగి, భూతద్దం పట్టుకుని చూస్తున్నారు. ఒక్కో గీత వెంట వేలు పెట్టి, ఎక్కడ మొదలైందో అక్కడినుంచి ఎక్కడ ఆగిందో అక్కడిదాకా. మధ్యమధ్యలో ఒకచోట ఆగిపోతున్నారు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తున్నారు. ఒకసారి ఒక మలుపు దగ్గర చాలాసేపు ఆగి, దాని మీదే మళ్ళీ వేలు తిప్పారు. ఏడాది గీశాను. ఇప్పుడు చూస్తున్నారు.

ఇందాక నేను ఆయన్ని దాటి వెళ్తుంటే తలెత్తకుండా అడిగారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"ఇంకా ఉన్నాయా? ఒక్క మాట చెప్పు. ఉన్నాయా, లేవా?"

"చూసుకోండి" అన్నాను.

లేవు. ఒక్కటి కూడా లేదు. మిగతాదంతా నేను నేర్చుకున్నంత బాగా గీశాను.

ఇవాళ్టికి మూడు కాగితాలయ్యాయి. ఇంకా ముప్ఫై ఆరు ఉన్నాయి.